పెళ్లి పందిట్లో నక్క ఏదీ?

ఎండా వానా కలిసొస్తే మనకు నక్క పెళ్లి.. సముద్రాల అవతల జపాన్‌ వాళ్లకూ నక్క పెళ్లే! అక్కడ నక్క గుడి మెట్లెక్కింది, పోస్టుకార్డు మీదికీ ఎక్కింది. బెంగళూరు చుట్టుపక్కల బీళ్లలో మాత్రం మెల్లగా కనుమరుగవుతోంది.

బెంగళూరు: మే నెల సాయంత్రాలు ఇక్కడ ఇలాగే ఉంటాయి. ఓ పక్క ఎండ కాస్తూనే ఉంటుంది. ఇంకో పక్క చినుకులు టపటపా రాలుతుంటాయి. అంతే.. వఠారంలో పిల్లలంతా వీధిలోకి దూకుతారు. ‘కుక్కలకూ నక్కలకూ పెళ్లి’ అని తెలుగింటి పిల్లాడు గంతులేస్తాడు. ‘కాగె నరి మదువె’ అని పక్కింటి కన్నడ పిల్ల చప్పట్లు కొడుతుంది. ‘కాక్కాయ్‌క్కుం నరిక్కుం కల్యాణం’ అంటూ మేడ మీది తమిళ అవ్వ ఆరేసిన బట్టలు తీసుకుంటుంది. ఈ రెండు మాటలకూ అర్థం ఒకటే.. కాకికీ నక్కకూ పెళ్లి.

ఊరిని బట్టి, భాషను బట్టి పెళ్లికొడుకు మారొచ్చు. ఒకచోట కుక్క, ఇంకోచోట కాకి. పందిట్లో నక్క ఉండటం మాత్రం ఖాయం. బెంగాలీలకూ అది నక్క పెళ్లే. శ్రీలంకలో సింహళీయులకూ అంతే. చిత్రమేమిటంటే అక్కడెక్కడో ఉన్న జపాన్‌లోనూ ఈ వానను ‘కిత్సునే నో యోమెఇరి’ అంటారు. కిత్సునే అంటే నక్క. యోమెఇరి అంటే పెళ్లికూతురు అత్తారింటికి వెళ్లడం. ఎవరు ఎవరికి నేర్పారో తేల్చడం కష్టం. వానకు వీసా అక్కర్లేదు కదా!

పట్టుపురుగు నుంచి కారు దాకా..

జపాన్‌తో బెంగళూరు బంధం ఈనాటిది కాదు. పట్టు పరిశ్రమ మెలకువలు నేర్పడానికి జంషెడ్‌జీ టాటా 19వ శతాబ్దం చివర్లో జపాన్‌ నిపుణులను ఇక్కడికి రప్పించారు. బసవనగుడి పక్కన ‘టాటా సిల్క్‌ ఫామ్‌’ అనే పేరు ఆ ముచ్చటను ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంది. మన మోక్షగుండం మూలాలున్న విశ్వేశ్వరయ్య 1898లోనే జపాన్‌ చూసొచ్చారు. 1990ల చివర్లో బిడదిలో టయోటా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక జపాన్‌ ఉద్యోగుల కుటుంబాల రాక పెరిగింది. నగరంలో ఏటా జరుగుతూ వస్తున్న ‘జపాన్‌ హబ్బ’లో కాగితం బొమ్మలు, కుంచె రాతలు చూసినవాళ్లకు ఆ దేశం మరీ పరాయిదనిపించదు. ఇక వాళ్ల నక్కల కథలు వింటే మన పెద్దమ్మ చెప్పిన కథల్లాగే ఉంటాయి.

తొంగి చూస్తే ఊరుకోదు

ప్రసిద్ధ దర్శకుడు అకిర కురొసావా 1990లో ‘డ్రీమ్స్‌’ అనే సినిమా తీశారు. మొదటి కథే నక్క పెళ్లి. ఎండలో వాన కురుస్తుంటుంది. ‘ఇలాంటప్పుడే నక్కలు పెళ్లి చేసుకుంటాయి, వాటిని చూడకూడదు’ అని తల్లి పిల్లాడికి చెబుతుంది. వద్దంటే పిల్లలు వింటారా? అడవిలోకి వెళ్లి చెట్టు చాటు నుంచి చూస్తాడు. నక్కల ఊరేగింపు వాడిని పసిగడుతుంది. ఇంటికొచ్చేసరికి గుమ్మంలోనే తల్లి ఆపేస్తుంది. వెళ్లి క్షమాపణ అడిగి రమ్మంటుంది. నక్కల ఇల్లు ఇంద్రధనుస్సు కింద ఉంటుందని చెబుతుంది. పిల్లాడు పూలతోట మధ్యలో నడుచుకుంటూ వెళ్తుండగా కథ ఆగిపోతుంది.

అంతకు 130 ఏళ్లకు ముందే, 1857లో హిరోషిగె అనే చిత్రకారుడు నక్కలను చెక్క అచ్చు బొమ్మలోకి ఎక్కించాడు. అప్పటి ఎదో, అంటే నేటి టోక్యో. అక్కడి ఓజి అనే చోట ఏడాది ఆఖరి రాత్రి నక్కలన్నీ ఓ పెద్ద చెట్టు కింద చేరతాయట. ఒక్కో నక్క పక్కన చిన్న మంట వెలుగుతుంటుంది. ఆ మంటలు ఎన్నో లెక్కపెట్టి, వచ్చే పంట ఎలా ఉంటుందో రైతులు అంచనా వేసేవారట. ఆ బొమ్మలోని నక్కల స్ఫూర్తితో 1993 నుంచి ఓజిలో డిసెంబరు 31 రాత్రి జనం నక్క ముసుగులు కట్టుకుని ఊరేగుతున్నారు.

వరి దేవుడి బంటు

నక్కకూ పంటకూ లంకె ఏమిటి? జపాన్‌లో వరికి దేవుడు ఇనారి. ఆయన కబురు మోసే బంటు తెల్ల నక్క. మనకు శివుడి ముందు నంది ఎలాగో, అక్కడ ఇనారి గుడి ముందు నక్క అలాగ! క్యోటోలోని ఫుషిమి ఇనారి గుడి 711లో మొదలైందని చెబుతారు. కొండ మీదికి వెళ్లే దారి పొడవునా వేల సంఖ్యలో ఎర్రటి ద్వారాలు వరసకట్టి ఉంటాయి. నక్క విగ్రహాల నోళ్లలో ధాన్యాగారం తాళంచెవి, వరి కంకి, మణి కనిపిస్తాయి. నక్కకు నూనెలో వేయించిన సోయా జున్ను ఇష్టమని నైవేద్యం పెడతారు.

లోతుగా చూస్తే ఇందులో రైతు తెలివి ఉంది. పొలంలో ధాన్యం తినేది ఎలుక. ఎలుకను తినేది నక్క. మేలు చేసే జంతువుకు దండం పెట్టడం మన రైతుకూ తెలియనిది కాదు.

ఫుషిమిలో భక్తులు మొక్కులు రాసి వేలాడదీసే చెక్క పలకలు కూడా నక్క ముఖం ఆకారంలోనే ఉంటాయి. కళ్లూ ముక్కూ వాటి మీద ఎవరికి వాళ్లే గీసుకోవాలి. ఒకరి నక్క నవ్వుతుంది, ఇంకొకరిది అలుగుతుంది, మరొకరిది కళ్లజోడు పెట్టుకుంటుంది. అక్కడ బొమ్మ గీయడానికి ఎవరూ సిగ్గుపడరు.

మన కల్మాషపాదుడే అక్కడ..

ఈ కథల్లో కొన్నింటి వేళ్లు మన దగ్గరే ఉన్నాయంటే నమ్మగలరా? మన డాకినులు బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్‌ చేరాయి. శ్మశానాల్లో తిరిగే డాకినికి మన దగ్గర తోడు నక్క. జపాన్‌ చేరేసరికి ఆమె ‘దాకినితెన్‌’ అనే దేవత అయింది. వాహనం తెల్ల నక్క. కాలక్రమంలో ఇనారితో కలిసిపోయింది. ఐచి రాష్ట్రంలోని తొయోకావా ఇనారి పేరుకు ఇనారి అయినా నిజానికి బౌద్ధ ఆలయం. అక్కడ కొలువైంది ఈ దాకినితెనే.

తొమ్మిది తోకల నక్క కథ ఇంకా రంజుగా ఉంటుంది. ‘తమామొ నో మాయె’ అనే అందగత్తె రూపంలో జపాన్‌ చక్రవర్తి కొలువులో చేరిన ఈ మాయనక్క, అంతకుముందు మన దేశంలో హన్‌జోకు అనే రాకుమారుడిని వలలో వేసుకుని వెయ్యిమంది రాజుల తలల కోసం ఉసిగొల్పిందట. హన్‌జోకు అంటే మచ్చల పాదాలవాడు. మన భారతంలో శాపం తగిలి రాక్షసుడైన కల్మాషపాదుడి పేరుకు అర్థం కూడా అదే! చివరకు ఆ నక్క నాసు కొండల్లో రాయిగా మారిందని చెబుతారు. 2022 మార్చిలో ఆ రాయి రెండుగా పగిలింది. లోపలున్న నక్క బయటికొచ్చేసిందంటూ జపాన్‌లో జనం సరదాగానూ, కాస్త భయంగానూ చెప్పుకున్నారు.

మన దగ్గర మాత్రం నక్కకు ఇంత వైభోగం లేదు. పంచతంత్రంలో ఎద్దుకూ సింహానికీ మధ్య చిచ్చుపెట్టిన దమనకుడు నక్క. నీలిరంగు తొట్టెలో పడి రాజు వేషం కట్టింది నక్క. 1853లో చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ అచ్చయిన నాటి నుంచి తెలుగు బడిపిల్లలకు నక్క అంటే జిత్తులమారి. నక్క వినయాలు, నక్క జిత్తులు.. అన్నీ తిట్లే. ఒక్క ‘నక్క తోక తొక్కడం’ తప్ప! అది మాత్రం అదృష్టం.

అసలు శత్రువు కుక్క

తొమ్మిదో శతాబ్దం నాటి ‘నిహోన్‌ ర్యోఇకి’ అనే కథల పుస్తకంలో ‘కిత్సునే’ అనే పేరు ఎలా వచ్చిందో ఓ కథ ఉంది. ఒకాయనకు దారిలో ఓ అందమైన అమ్మాయి కనిపిస్తుంది. పెళ్లి చేసుకుంటాడు. కొడుకు పుడతాడు. ఇంట్లో కుక్కపిల్ల మాత్రం ఆమె మీదికి ఊరికే ఎగబడుతుంటుంది. ఓ రోజు అది మీదికి దూకగానే ఆమె హడలిపోయి, నక్కగా మారి కంచె ఎక్కేస్తుంది. భర్త కోప్పడడు. ‘మనకో బిడ్డ ఉన్నాడు. నిన్నెలా మరిచిపోతాను? వచ్చి పడుకుని పోతూ ఉండు’ అంటాడు. జపాన్‌ పాతభాషలో ‘కి త్సు నె’ అంటే వచ్చి నిద్రించమని. ఆ మాటే పేరైపోయిందని కథ.

పన్నెండు వందల ఏళ్ల కిందటి కథలో నక్కను ఇంట్లోంచి తరిమింది కుక్క. నేడు మన బీళ్లలోనూ జరుగుతున్నది అదే. ఆ సంగతికి వచ్చేముందు ఓ కార్డు ముక్క.

బాగా రాకపోయినా ఫర్వాలేదు

జపాన్‌లో 1900 సంవత్సరంలో ప్రైవేటు పోస్టుకార్డులకు అనుమతి దొరికింది. 1904-05లో రష్యాతో యుద్ధం జరిగినప్పుడు బొమ్మల కార్డుల మోజు దేశమంతా పాకింది. పేరున్న చిత్రకారులే కార్డులకు బొమ్మలు వేశారు. దేవుళ్లు, అందగత్తెలు, పండగలు, వాటితో పాటే నక్క పెళ్లిళ్లూ కార్డులకెక్కాయి.

మనకూ కార్డు కొత్తేమీ కాదు. 1879 జులై 1న పావు అణాకు, అంటే ఓ ‘కానీ’కి, తొలి పోస్టుకార్డు వచ్చింది. తర్వాత దశాబ్దాల పాటు అర్ధరూపాయికే దొరికింది. బ్రిటిష్‌ జమానాలో హిగ్గిన్‌బాథమ్స్‌ వాళ్లు మద్రాసు, బెంగళూరు దృశ్యాలతో వేసిన బొమ్మల కార్డులను ఇక్కడి దొరలు ఇంగ్లండుకు పంపుకునేవారు. అలాంటి కార్డులతోనే 2018లో లండన్‌లో ‘మద్రాసు నుంచి బెంగళూరు దాకా’ అనే ప్రదర్శన జరిగింది. అందులో వీధులున్నాయి, బంగళాలున్నాయి, బంట్రోతులున్నారు. ఊరి చివరి బీడునూ, అందులోని నక్కనూ కార్డుగా దాచుకోవాలని మాత్రం ఆ రోజుల్లో ఎవరికి తోస్తుంది? అవి ఎప్పుడూ ఉండేవే కదా!

జపాన్‌లో చేత్తో గీసే కార్డుకు 1960ల నుంచి కొత్త ఊపిరి పోసినవారు కొయికే కునియో. దీన్ని ‘ఎతెగామి’ అంటారు. ‘ఎ’ అంటే బొమ్మ, ‘తెగామి’ అంటే ఉత్తరం. ‘బాగా రాకపోయినా ఫర్వాలేదు, రాకపోతేనే బాగు’ అన్నది ఆయన సూత్రం. 1978-79లో ఓ పత్రిక కోసం ఏకంగా 60 వేల కార్డులు చేత్తో గీసిచ్చారు. పత్రిక కొన్న ప్రతి పాఠకుడికీ అచ్చు బొమ్మ కాదు, అసలు బొమ్మే అందింది!

గీసే పద్ధతి తేలిక. కుంచెను చివరన, వేళ్ల కొసలతో పట్టుకోవాలి. చెయ్యి వణుకుతుంది. వణకనివ్వాలి. ముందు పెన్సిలుతో గీసుకోకూడదు. నల్ల సిరాతో మెల్లగా గీత లాగాలి. రెండు మూడు రంగులు అద్దాలి. పక్కన ఒకటి రెండు మాటలు రాయాలి. తర్వాత డబ్బాలో వేసేయాలి. దాచుకుంటే అది ఎతెగామి కాదు.

ఇందులో ఓ షరతు ఉంది. కంటి ముందున్నదాన్ని చూసి గీయాలి. వంకాయైనా, చేపైనా, పువ్వైనా సరే. మరి బెంగళూరు పిల్లాడు నక్కను ఎక్కడ చూసి గీయాలి?

ఏది నక్క.. ఏది గుంటనక్క?

తెలుగులో మనం రెండు జంతువులను ఒకే పేరుతో కలిపేస్తాం. రాత్రిళ్లు ఊళ పెట్టేది, పది కిలోల దాకా తూగేది నక్క. ఇంగ్లిషులో జాకాల్‌. రెండు మూడు కిలోలే ఉండి, బొరియల్లో కాపురముండే చిన్న జీవి గుంటనక్క. అసలు ఫాక్స్‌ ఇదే. జపాన్‌ కిత్సునేకు దగ్గరి చుట్టం. తోక గుబురుగా ఉండి, కొస నల్లగా ఉంటుంది. చెదపురుగులు, మిడతలు, ఎలుకలు, రేగుపళ్లు దీని తిండి. ఆడా మగా కలిసే పిల్లలను పెంచుతాయి.

దీనికి దట్టమైన అడవి పనికిరాదు. గడ్డి బీళ్లు, ముళ్లపొదల మైదానాలు కావాలి. మన సర్కారీ లెక్కల్లో వాటి పేరు బంజరు. బంజరు అంటే ఎందుకూ పనికిరానిదని కదా అర్థం! అందుకే లేఅవుటు కావాలన్నా, ఫ్యాక్టరీ కావాలన్నా, సోలార్‌ పలకలు పరవాలన్నా ముందు కళ్లు పడేది వాటి మీదే. తెలుగు గట్టిగా వినిపించే పావగడ తాలూకాలో 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్‌ పార్కు పరుచుకుంది. కరెంటు కావాల్సిందే. కానీ ఏ పొలం గట్టున, ఏ పొద కింద ఏ జీవి కాపురముందో ముందే చూసుకోవాలన్న ఆలోచన ఇలాంటి నేలల విషయంలో తక్కువే.

ఊరటనిచ్చే కబుర్లూ ఉన్నాయి. బెంగళూరు వాయవ్యాన హెసరఘట్ట గడ్డి మైదానం ఉంది. దాన్ని కాపాడాలన్న ప్రతిపాదనను 2021లో రాష్ట్ర వన్యప్రాణి బోర్డు తోసిపుచ్చింది. ప్రకృతి ప్రేమికులు పట్టు వదల్లేదు. 2024 అక్టోబరులో అదే బోర్డు 5,678 ఎకరాలను సంరక్షణ రిజర్వు చేయడానికి ఒప్పుకుంది. హిందూపురం నుంచి సరిహద్దు దాటితే మధుగిరి తాలూకా మైదనహళ్లి దగ్గర జయమంగళి కృష్ణజింకల రిజర్వు ఉంది. 798 ఎకరాలు. 2007లో ప్రకటించారు. జింక కోసం కాపాడిన గడ్డిలో చిన్న జీవులకూ చోటు దొరుకుతుంది.

ఇక కుక్క సంగతి. బెంగళూరు జక్కూరులోని ‘ఏట్రీ’ పరిశోధన సంస్థకు చెందిన అబి తమిమ్‌ వనక్‌ మహారాష్ట్రలోని నన్నజ్‌ గడ్డి భూముల్లో గుంటనక్కల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఊరకుక్కలు తిరిగే చోటికి గుంటనక్కలు రావడానికి జంకుతున్నాయని తేలింది. తిండి ఉన్నా సరే, దూరంగా తప్పుకుపోతాయి. దానికి తోడు కుక్కలకొచ్చే డిస్టెంపర్‌, పార్వో వంటి వైరస్‌లు నక్కలకూ సోకుతున్నాయి. ఊరి చివర మనం పారేసే చెత్తే కుక్కల మందలను బీళ్ల దాకా తీసుకెళ్తోంది. కుక్కలకూ నక్కలకూ పెళ్లి అని పాడుకుంటున్నాం గానీ, ఆ పెళ్లి నక్క ప్రాణం మీదికొచ్చింది!

అదృష్టం పేరుతో బోను

రెండో దెబ్బ మన నమ్మకాల నుంచే పడుతోంది. పొద్దున్నే నక్క ముఖం చూస్తే కలిసొస్తుందని మూడు రాష్ట్రాల్లోనూ నమ్మేవాళ్లున్నారు. 2023లో తుమకూరు జిల్లాలో ఓ కోళ్లఫారం యజమాని నక్కను పట్టి బోనులో పెట్టుకున్నాడు. రోజూ దాని ముఖం చూస్తే లాభాలొస్తాయని ఆశ. పోలీసులు వచ్చి నక్కను విడిపించారు, అతన్ని పట్టుకెళ్లారు. తమిళనాడు సేలం జిల్లా వాళప్పాడి ప్రాంతంలో సంక్రాంతికి గుంటనక్కను వలేసి పట్టి, మూతి కట్టి ఊరేగించే ఆచారం ఉండేది. అటవీ శాఖ జరిమానాలు వేస్తే గానీ దానికి పగ్గాలు పడలేదు. ‘నక్క కొమ్ము’ అని అమ్మేవాళ్లు మరో రకం. నక్కకు కొమ్ములుండవని మూడో తరగతి పిల్లాడికీ తెలుసు. అయినా కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు.

2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించారు. 2023 ఏప్రిల్‌ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. నక్క, గుంటనక్క రెండూ పులితో సమానంగా మొదటి షెడ్యూలులో చేరాయి. వేటాడినా, పట్టి బంధించినా మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు.

జపాన్‌ వాళ్లూ అదృష్టం కోసమే నక్క దగ్గరికి వెళ్తారు. కాకపోతే చెక్క మీద ముఖం గీసి, గుళ్లో వేలాడదీసి వస్తారు. నక్క మాత్రం కొండ మీద హాయిగా తిరుగుతుంటుంది. తేడా అంతా అక్కడే ఉంది.

తాతను అడిగి గీయండి

వేసవి సెలవుల్లో కోలారు, చిక్కబళ్లాపుర, హిందూపురం, మదనపల్లె వైపు సొంతూళ్లకు వెళ్లే పిల్లలకు ఇదో మంచి పని. ‘తాతా, నువ్వు గుంటనక్కను ఎక్కడ చూశావు?’ అని అడగాలి. చెరువు కట్ట వెనకా? చేను గట్టునా? ఇప్పుడక్కడ ఏముంది? తాత చెప్పింది చెప్పినట్టు ఓ కార్డు మీద గీయాలి. తోక కొసకు నల్లరంగు మరవొద్దు. పక్కన ఊరి పేరు, ఏ ఏడు చూశారో రాయాలి. బెంగళూరులో ఉన్న స్నేహితుడికి పోస్టు చేయాలి. గీత వంకరపోతే పోనీండి.

ఒకవేళ నిజంగానే బొరియ దగ్గర కనిపిస్తే దూరం నుంచే చూడాలి. కుక్కను వెంట తీసుకెళ్లొద్దు. రాయి విసరొద్దు. తోక తొక్కాలని అస్సలు చూడొద్దు!

కురొసావా సినిమాలో ఆ పిల్లాడు తొంగి చూసినందుకే క్షమాపణ అడగడానికి బయల్దేరాడు. మనం చేసింది అంతకంటే పెద్ద తప్పే. వాటి ఇళ్లున్న నేలకు బంజరని పేరు పెట్టేశాం. ఈసారి ఎండలో వాన పడినప్పుడు పిల్లలు నక్క పెళ్లి అని అరిస్తే, ‘నక్క అంటే ఎలా ఉంటుందో తెలుసా?’ అని పక్కనున్న పెద్దవాళ్లు ఓ మాట అడగాలి. పెళ్లికి పిలిచేటప్పుడు పెళ్లికూతురు ఎలా ఉంటుందో తెలియకపోతే ఎలా?